గట్టు మీద పాట, బుట్టలో నోటు

పోయిన సంచికలో గోదారి గట్టున సాయంత్రాలు గిటారు పట్టుకుని కూర్చునే కుర్రాళ్ళ గురించి ఈ పేజీలో రెండు ముక్కలు రాశాం కదా, ఆ దెబ్బకి ఉత్తరాలూ వాట్సాప్‌లూ వచ్చి పడ్డాయి. అందరికీ విడివిడిగా జవాబివ్వడం కుదిరే పని కాదు. వీధిలో వాయించి, పాడి నాలుగు డబ్బులు సంపాదించుకోవడం గురించి వచ్చిన ఒకే రకం ప్రశ్నలను కలిపేసి కొన్నింటికి ఇక్కడ చెబుతున్నాను. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ, అందుకని ఊళ్ళు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న: నమస్తే అండి. మాది రాజోలు పక్క పల్లెటూరు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. చిన్నప్పటి నుంచీ ఫ్లూటు నేర్చుకుంటున్నాను. కీర్తనలు వచ్చు, సినిమా పాటలు వినగానే పట్టేస్తాను. ఆదివారాలు రాజమండ్రి వెళ్ళి గట్టు మీద వాయిస్తే చేతిఖర్చులకు నాలుగు డబ్బులు వస్తాయని ఆశ. ఎక్కడ కూర్చోవాలి, ఎవరిని అడగాలి, పోలీసులు లేపేస్తారా, మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలి... తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. (రాజోలు)

జవాబు: తమ్ముడూ, నీకు ఎంత బాగా వచ్చన్నది ఇక్కడ మూడో సంగతి. మొదటిది చోటు. రెండోది ఆ చోట నీకంటే ముందు నుంచీ బతుకుతున్న మనుషులు. ఇది నిన్ను నిరుత్సాహపరచడానికి అనడం లేదు. 2007 జనవరిలో అమెరికాలో ఒక పత్రిక వాళ్ళు సరదాగా ఒక పరీక్ష పెట్టారు. జాషువా బెల్ అని ప్రపంచమంతా పేరున్న వయొలిన్ విద్వాంసుణ్ణి, మామూలు బట్టల్లో, పొద్దున్నే ఆఫీసులకు పరుగెత్తే వేళ వాషింగ్టన్ మెట్రో స్టేషన్‌లో నిలబెట్టి 43 నిమిషాలు వాయింపించారు. ఆయన చేతిలో ఉన్నది 1713 నాటి స్ట్రాడివేరియస్. ఎదురుగా వెళ్ళినవాళ్ళు 1,097 మంది, కాసేపు ఆగి విన్నవాళ్ళు ఏడుగురు. పెట్టెలో పడింది 32 డాలర్ల చిల్లర, ఆయన్ని గుర్తుపట్టిన ఒకావిడ విడిగా వేసిన 20 డాలర్లు కాక. వాయిద్యంలో లోపం లేదు, వేళ తప్పు, చోటు తప్పు.

కాబట్టి ముందు చోటు చూద్దాం. అసలు నువ్వు రాజమండ్రి దాకా ఎందుకు? బస్సు చార్జీలు పెట్టుకుని అంత దూరం వెళ్తే వచ్చిన డబ్బు కండక్టరుకే సరిపోతుంది. నీకు సఖినేటిపల్లి రేవు దగ్గర. నర్సాపురం వెళ్ళే పంటు, అదే బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పెద్ద పడవ, దాని కోసం బళ్ళూ మనుషులూ ఆగి ఉంటారు. పంటు అవతలి ఒడ్డు నుంచి వచ్చేదాకా వాళ్ళకు చేసే పని లేదు, ఎటూ పోలేరు, ఫోన్ చూసీ చూసీ విసుగొచ్చి ఉంటుంది. వీధిలో వాయించేవాడికి ఇంతకంటే మంచి శ్రోతలు ఎక్కడ దొరుకుతారు చెప్పు? పైగా ప్రతి పంటుకీ జనం మారిపోతారు కాబట్టి నీకు వచ్చిన ఆ పది పాటలే మళ్ళీ మళ్ళీ వాయించుకోవచ్చు. పంటు ఒడ్డుకు తగులుతుంటే మాత్రం ఆపెయ్, అప్పుడు ఎవడూ వినడు, అందరికీ ముందు ఎక్కాలనే తొందర. దిగే దారికి, బళ్ళు ఎక్కే దారికి అడ్డం రాకుండా టికెట్ల చోటుకి కాస్త ఎడంగా నిలబడు.

చోటు విషయంలో ఇంకో రెండు సంగతులు. జనం ఎక్కువ ఉన్న చోటుకీ, జనం తీరిగ్గా ఉన్న చోటుకీ చాలా తేడా ఉంది. వాడపల్లి వెంకన్న గుడికి శనివారం వెళ్ళి చూడు, ఏడు వారాల మొక్కువాళ్ళతో నేల ఈనినట్టు ఉంటుంది. దర్శనానికి వెళ్తున్న మనిషి నీ వైపు చూడడు, ఆ మనసంతా క్యూ మీద ఉంటుంది. అదే మనిషి దర్శనం అయ్యాక, ప్రసాదం సంచి చేతికి తగిలించుకుని, చెప్పులు వెతుక్కుని, ఆటో కోసం చూస్తున్నప్పుడు ఆగుతాడు. బయటికి వచ్చే దారి, పార్కింగు వైపు, అదీ నీ చోటు. అలాగే బజ్జీల బండి పక్కన జనం మూగుతారు గానీ చేతులకి నూనె అంటుకున్నవాడు జేబులో చెయ్యి పెట్టడు. బండికి ఓ ఇరవై అడుగుల అవతల, తినేసి చేతులు కడుక్కుని నడుచుకుంటూ వచ్చేవైపు ఉండు.

ఇక మనుషులు. ఒక గట్టు మీదికి నువ్వు కొత్తగా వెళ్తున్నావంటే, అక్కడ అప్పటికే ముంత మసాలా అమ్మే ఆయన ఉన్నాడు, పూలమ్మే ఆవిడ ఉంది, గుడి మెట్ల దగ్గర ఏళ్ళ తరబడి కూర్చునే ముసలాయన ఉన్నాడు. ఫ్లూటు సంచిలోంచి తియ్యకముందే వాళ్ళ దగ్గరికి వెళ్ళు. “బాబాయ్, ఒక గంట ఇక్కడ వాయించుకోవచ్చా, మీ బేరానికి ఇబ్బందైతే చెప్పండి, జరుగుతాను” అని అడుగు. టీ కొట్టు ఉంటే ముందు టీ తాగు. అడుక్కుని బతికేవాళ్ళు కూర్చున్న వరసలో ఎట్టి పరిస్థితుల్లోనూ కూర్చోకు, అది వాళ్ళ తిండి. నడిచిపోయేవాళ్ళు నీ దగ్గర మూడు నిమిషాలు ఉంటారు, ఎదురుగా కొట్టువాడు మాత్రం నువ్వు ఉన్నంతసేపూ వింటాడు, అదే పది పాటలు, అదే తప్పులు, అదే వరసలో. విసుగెత్తి నీ మీద ఫిర్యాదు చేసేదీ ఆయనే, నాలుగు వారాలు రాకపోతే “ఆ ఫ్లూటు కుర్రాడు ఏడీ” అని అడిగేదీ ఆయనే. ఆయన కోసం వారానికో కొత్త పాట నేర్చుకో. ఆయనకి ఏ కాలం పాటలు ఇష్టమో కనుక్కో. చిల్లర కావాలన్నా, నీళ్ళ సీసా పెట్టుకోవాలన్నా, వాన పడితే నిలబడాలన్నా ఆయన చూరే గతి.

పోలీసుల సంగతి అడిగావు. వీధిలో వాయించేవాళ్ళకి లండన్ అండర్‌గ్రౌండ్ రైలు స్టేషన్లలో 2003 నుంచి లైసెన్సు ఇచ్చి, చోటు గీసి మరీ ఇస్తున్నారు. మన దగ్గర అలాంటి పద్ధతి నేనెక్కడా చూడలేదు. అందుకని ఆ స్థలం ఎవరిదో వాళ్ళనే అడగాలి. గుడి ఆవరణ అయితే ఈవో గారిని, ఘాట్ అయితే మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ వాళ్ళని, ప్రైవేటు స్థలమైతే ఓనరుని. ఒక తెల్లకాగితం మీద నీ పేరు, చదివే కాలేజీ, ఏం వాయిస్తావు, ఏ రోజు ఏ వేళ అని రాసి ఇవ్వు, దాని నకలొకటి స్థానిక స్టేషన్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకో. అది లైసెన్సు కాదు, కానీ రేపు కానిస్టేబుల్ వచ్చి “ఎవడ్రా నువ్వు” అన్నప్పుడు జేబులోంచి తీసి చూపించడానికి ఒక కాగితం ఉండటం వేరు. ఆయన లేవమంటే మాత్రం వాదించకుండా లేచిపో, మర్నాడు వెళ్ళి అడుగు. దారికి అడ్డం అయితే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, అది నీ చుట్టూ మూగిన జనం వల్ల అయినా సరే అడిగేది నిన్నే.

ఈ జనం మూగడం అన్నది తేలిగ్గా తీసుకోకు. 2015 పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాట ఈ జిల్లాల వాళ్ళెవరూ మర్చిపోలేదు. ఘాట్ మెట్ల మొదట్లో, ఇరుకు గేటు దగ్గర, వంతెన మెట్ల మీద పొరపాటున కూడా నిలబడకు. చుట్టూ అర్ధచంద్రంలా రెండు వరసలు దాటితే పాట అక్కడితో ముగించి కాసేపు ఆపెయ్. 2027లో మళ్ళీ పుష్కరాలు, జనం లక్షల్లో వస్తారు, అప్పుడు వాయించి బోలెడు సంపాదించొచ్చని కలలు కనేవాళ్ళున్నారు. ఆ పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గర అడుగు తీసి అడుగు వేయడమే గగనం, నువ్వు ఇంట్లో ఉండు. రాజమండ్రి వెళ్ళినా సాయంత్రం హారతి వేళ ఫ్లూటు సంచిలోనే ఉండాలి. జులై, ఆగస్టు వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఇక గట్టు వైపు పోవద్దు, పంట్లు కూడా ఆగిపోతాయి కాబట్టి రేవులోనూ జనం ఉండరు.

ఇప్పుడు ఫ్లూటు. గోదారి గట్టు మీద నీ మొదటి శత్రువు గాలి. ఫ్లూటు ఊదే రంధ్రం మీదుగా ఎదురుగాలి కొడితే ఎంతటివాడికైనా నాదం పలకదు, ఉత్త ఊపిరి శబ్దమే. గాలికి వీపు పెట్టి నిలబడు. వెనక గోడో, రావిచెట్టు మొదలో ఉంటే ఇంకా మంచిది, శబ్దం వెనక్కి పోకుండా ముందుకి వస్తుంది. ఇంట్లో సాధన చేసే పొడుగు ఫ్లూటు, 2 శ్రుతిదో 3 శ్రుతిదో, బయట మైకు లేకుండా పది అడుగులు కూడా పోదు. 5, 6 శ్రుతుల పొట్టి ఫ్లూటు పట్టుకెళ్ళు, ఆ పై స్థాయి జనం మాటల్ని దాటుకుని వినిపిస్తుంది. ఫోన్లో తంబూరా యాప్ పెట్టి చిన్న స్పీకరుకి కలుపు, చాలు.

రాగం తీయకు. అదే చాలామంది శాస్త్రీయం నేర్చుకున్న పిల్లలు చేసేది, రెండు నిమిషాలు ఆలాపన చేస్తారు, ఈలోగా నడిచేవాడు వంద గజాలు దాటిపోతాడు. నేరుగా పల్లవి ఎత్తుకో. మొదటి పది సెకన్లలో “ఇది ఆ పాటే కదూ” అని వాడికి తట్టాలి, అప్పుడే తల తిరుగుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో పాట ముగించు, ముగించాక తలెత్తి జనాన్ని చూసి నమస్కారం పెట్టు, ఒక్క క్షణం ఆగు. డబ్బు వేసేది ఆ సందులోనే. గుక్కతిప్పుకోకుండా వెంటనే ఇంకో పాట అందుకుంటే వేద్దామనుకున్నవాడు కూడా మొహమాటపడి వెళ్ళిపోతాడు. కీర్తనలు వచ్చన్నావు, గుళ్ళ దగ్గర అవే వాయించు, కానీ అందరికీ తెలిసినవి.

డబ్బు వేయడానికి స్టీలు గిన్నె పెట్టకు, మన వైపు దాన్ని చూడగానే జనానికి ఇంకో అర్థం వస్తుంది. వాయిద్యం పెట్టె మూత తెరిచి పెట్టు, లేదా తాటాకు బుట్ట. ఖాళీగా ఉంచకుండా రెండు ఇరవైలు, ఒక యాభై ముందే నువ్వే వేసి పెట్టు, అవి ఎగిరిపోకుండా పైన ఓ రాయి. వందలు పడితే మెల్లగా తీసి జేబులో వేసుకో. చిల్లర నాణేలే కనిపిస్తుంటే వచ్చేవీ నాణేలే. పిల్లలు ఆగితే వాళ్ళ వైపు చూసి వాయించు, తల్లిదండ్రులు పది కాగితం పిల్లాడి చేతికే ఇచ్చి వేయిస్తారు. నోరు తెరిచి అడగకు, డబ్బు వేయనివాణ్ణి మొహం ముడిచి చూడకు. మొదటి నెల దారిఖర్చులూ టీ డబ్బులూ వస్తే బాగా జరిగినట్టే.

టెన్షన్ అన్నావు కదా, మొదటి రోజు ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్ళి ఎదురుగా నిలబెట్టుకో, అరగంటకే సర్దేసి వచ్చెయ్. అన్నట్టు, మీ పక్కనే ఉన్న శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి తండ్రి పట్టాభిరామయ్య గారిది కూడా ఫ్లూటే. మీ నేలకి ఆ వాయిద్యం కొత్త కాదు.

ప్రశ్న: అయ్యా, నేను బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాణ్ణి. డీజేలు వచ్చాక బేరాలు సగానికి పడిపోయాయి. మూఢాల్లో, ఆషాఢంలో ఇంట్లో కూర్చోవడమే. మా అబ్బాయి “బజార్లో వాయించు నాన్నా, తప్పేముంది” అంటున్నాడు. ఊరేగింపుల్లో ముందు నడిచిన మనిషిని, ఇప్పుడు రోడ్డు పక్కన గుడ్డ పరుచుకోమంటే మనసొప్పడం లేదు. (తణుకు)

జవాబు: అన్నగారూ, గుడ్డ పరచకండి. కూర్చోకండి కూడా. మేళం కోటు ఉందా? ఇస్త్రీ చేయించి వేసుకుని, నిలబడి వాయించండి. పక్కన అట్ట మీద పెద్ద అక్షరాలతో “పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, ఉత్సవాలకు క్లారినెట్ మేళం” అని, కింద ఫోన్ నంబరు. మీ వంటి చేయి తిరిగినవాళ్ళకి వీధిలో వాయించడం వల్ల వచ్చే అసలు లాభం పెట్టెలో పడే నోట్లు కాదు, రాబోయే సీజన్‌కి బయానాలు. సంతకి వచ్చినవాడో, బట్టల కొట్టుకి పెళ్ళి బట్టలకని వచ్చిన కుటుంబమో మీ వాయిద్యం విని నంబరు రాసుకుంటే ఆ ఒక్క బేరం ఎన్నో సాయంత్రాలకు సమానం. సీజన్ మొదలయ్యేలోపే మీ పేరు జనం నోట్లో పడాలి కదా, అంటే మీకు ఖాళీ ఉన్న రోజులే మీరు కనబడాల్సిన రోజులు. రేటు మాత్రం రోడ్డు మీద చెప్పకండి, ఫోన్లో మాట్లాడదాం అనండి. అందరి ముందూ చెప్పిన అంకెని పట్టుకుని బేరమాడటం మన జనానికి వెన్నతో పెట్టిన విద్య.

రెండో మాట. దసరాకి, దీపావళికి, సంక్రాంతికి బట్టల షోరూములూ స్వీటు షాపులూ గుమ్మంలో జనాన్ని ఆపడానికి ఏదో ఒకటి పెడతాయి. వెళ్ళి ఓనరుతో మాట్లాడండి, సాయంత్రం రెండు గంటలకింత అని. అది చందా కాదు, కూలి కాదు, కచేరి. డోలు వాయించే తోడు ఒకరుంటే ఇంకా నిండుగా ఉంటుంది. క్లారినెట్‌కి మైకు అక్కర్లేదు, దాని గొంతే పెద్దది, అందుకని ఒకే చోట గంటల తరబడి వద్దు, అరగంట వాయించి పది నిమిషాలు ఆగండి, లేదా వీధి మారండి. రాత్రి పది తర్వాత మైకు ఉన్నా లేకపోయినా బయట వాయిద్యం వాయించకూడదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, మీకు తెలిసే ఉంటుంది, ఊరేగింపుల్లో దీని మీద ఎన్ని గొడవలు చూశారో.

మనసొప్పడం లేదన్నారు. ధనుర్మాసంలో హరిదాసు నెత్తిన అక్షయపాత్రతో, చిడతలు వాయించుకుంటూ గుమ్మంలోకి వస్తే ఇంటి ఆడపిల్ల చేత బియ్యం పోయించి దణ్ణం పెట్టించే ఊళ్ళు మనవి. ఆయన్ని చిన్నచూపు చూసినవాళ్ళెవరూ లేరు. అయితే ఒకటి, ఆ నెల రోజుల పొద్దుటి పూట వీధులు హరిదాసులవి, గంగిరెద్దుల వాళ్ళవి. సన్నాయి, డోలు పట్టుకుని ఎద్దుతో వచ్చే వాళ్ళకి ఏడాదిలో వచ్చే నాలుగు గింజలు అప్పుడే. ఇల్లిల్లూ తిరగడం, గుమ్మంలో వాయించడం ఆ రోజుల్లో మీరూ నేనూ పెట్టుకోకూడదు. బజారు చాలు మనకి.

ప్రశ్న: బ్యాటరీ స్పీకరు కొనాలనుకుంటున్నాం. ముగ్గురం, ఇద్దరు గిటార్లు, ఒకరు పాడతారు. ఎన్ని వాట్లు? పర్మిషన్ కావాలా? (అమలాపురం)

జవాబు: 15, 20 వాట్లు సరిపోతుంది. వంద వాట్లది కొంటే దాన్ని సగానికి మించి తిప్పే చోటు మీకు దొరకదు. చూడాల్సింది వాట్లు కాదు, మైకుకీ గిటారుకీ విడివిడిగా రెండు ఇన్‌పుట్‌లు ఉన్నాయా, బ్యాటరీ మూడు గంటలు నికరంగా వస్తుందా, భుజాన వేసుకుని మోయగలరా. పర్మిషన్ కావాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే అక్కడ అసలే కూడదు. ఇళ్ళున్న చోట పగటి హద్దు 55 డెసిబెళ్ళు, దుకాణాలున్న చోట 65. మామూలుగా ఇద్దరు మాట్లాడుకుంటేనే 60 దగ్గర ఉంటుంది, అంటే ఇళ్ళ మధ్య స్పీకరు పెట్టి పాడితే హద్దు దాటకుండా ఉండటం అసాధ్యం. దుకాణాల వైపే చూసుకోండి. ప్రభల తీర్థం నాడు జగ్గన్నతోటకి వెళ్దామని కూడా అడిగారు. ఆ డప్పులూ బాణసంచా మధ్య మీ గిటార్లు మీకే వినపడవు. కనుమ నాడు జనం తిరిగొచ్చే దారిలో, సాయంత్రం, టీ కొట్ల దగ్గర అయితే ప్రయత్నించవచ్చు.

ప్రశ్న: క్యూఆర్ కోడ్ పెడితే మర్యాదగా ఉంటుందా? మోసాలు జరుగుతాయంటున్నారు. (పాలకొల్లు)

జవాబు: పెట్టండి, ఇప్పుడు కుర్రాళ్ళ జేబులో నోట్లు ఎక్కడున్నాయి? కాగితం నిండా పెద్దది ముద్రించి, మెరవని లామినేషన్ చేయించండి, మెరిసేదైతే వీధిదీపం కింద స్కాన్ కాదు. నేల మీద పరిస్తే వంగాలి, వంగడానికి బద్ధకం, మోకాలి ఎత్తులో ఏటవాలుగా నిలబెట్టండి. స్కాన్ చేయగానే ఖాతా పేరు కనబడుతుంది కాబట్టి అట్ట మీద కూడా అదే పేరు రాయండి, మీరొకరూ పేరొకరిదీ అయితే జనం అనుమానిస్తారు. జీతమో పింఛనో పడే ఖాతా కాకుండా దీనికి వేరే సేవింగ్స్ ఖాతా ఉంచుకోండి. మీ కోడ్ మీద ఇంకొకడు తన స్టిక్కరు అంటించి పోయే మోసం ఉంది, రోజూ మొదలుపెట్టే ముందు మీ ఫోన్‌తో మీరే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. డబ్బు రావడానికి పిన్ నొక్కక్కర్లేదు, ఎవరైనా నొక్కమంటే అది మోసం. డబ్బు పడగానే అరిచే సౌండ్ బాక్సు మాత్రం వద్దు, చరణం మధ్యలో “ఇరవై రూపాయలు” అని అది పాడితే జనం దానికి చప్పట్లు కొడతారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయ్యింది, బాగా పాడుతుంది, గిటారు నేర్చుకుంది. స్నేహితులతో కాకినాడ బీచ్‌లో పాడతానంటోంది. ఆయన “ఆడపిల్ల రోడ్డు మీద పాడి డబ్బులు తీసుకోవడమా, పరువు పోతుంది” అంటున్నారు. నాకు పంపాలనే ఉంది, భయమూ ఉంది. (భీమవరం)

జవాబు: అమ్మా, ఆయన పరువు సంగతీ మీ భయం సంగతీ వేరువేరు, కలిపి మాట్లాడుకుంటే ఇంట్లో తేలదు. మీ భయానికి జవాబుంది. ఒక్కతే వెళ్ళకూడదు, కనీసం ముగ్గురు, అందులో ఒకరు పాడకుండా చుట్టూ చూసే పని మీదే ఉండాలి. తినుబండారాల బళ్ళు, కుటుంబాలు ఉన్న వైపు, చీకటి పడేసరికి సర్దేయాలి. లొకేషన్ మీకు షేర్ చేసి ఉంచాలి. ఇల్లు, కాలేజీ పేరు, సొంత నంబరు ఎవరడిగినా చెప్పకూడదు. అభిమానినంటూ ప్రతి వారమూ వచ్చి కూర్చునేవాడు ఒకడు తయారవుతాడు, వాడు రెండోసారి కనపడగానే పక్క బండివాళ్ళకి చెప్పి ఉంచమనండి. అవసరమైతే 112. వీడియోలు ఎలాగూ తీస్తారు, ఆపలేం, అది ముందే తెలిసి ఒప్పుకుంటేనే వెళ్ళాలి.

ఆయన సంగతి. వాదించకండి. ఒక ఆదివారం మీరిద్దరూ కూడా బీచ్‌కి వెళ్ళి, కాస్త దూరంగా, పిల్ల పాడుతున్నది తెలియనట్టు నిలబడి జనం మొహాలు చూడండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు కాలేజీ ఫెస్టులూ గుడి ఉత్సవాలూ ఉన్నాయి, ఈ ఏడాదికి అవి చాలనుకోవచ్చు, పిల్ల గొంతు ఎక్కడికీ పోదు. అన్నయ్య గారూ, మీరు ఈ పేజీ చదువుతున్నట్టయితే ఒక్క మాట, డబ్బులు తీసుకోవడమే మీకు కష్టంగా ఉంటే మొదటి రెండు సార్లు బుట్ట పెట్టకుండా పాడమనండి. తర్వాత బుట్ట మీరే కొనిస్తారు, నాకు తెలుసు.

ప్రశ్న: సినిమా పాటలు వాయించి ఆ వీడియోలు పెడితే హక్కుల గొడవ వస్తుందా? (తాడేపల్లిగూడెం)

జవాబు: రావచ్చు. పాట మీద హక్కు రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ ఉంటుంది, వాళ్ళు పోయిన 60 ఏళ్ళ దాకా. వీడియో పెడితే హక్కుదారులు దాని ఆదాయాన్ని తీసుకోవడమో, తీసేయించడమో చేయవచ్చు. 1847లో కన్నుమూసిన త్యాగయ్య గారి కీర్తనలకి ఆ బెడద లేదు. అలాగని ఇంకొకరు పాడిన రికార్డింగు వెనక వేసుకుని పెదాలు కదిపితే అది వేరే హక్కు. సొంతంగా వాయించండి.

ప్రశ్న: నర్సాపురం, భీమవరం ప్యాసింజరు రైళ్ళలో పాడుకుంటూ వెళ్తే? చూపు లేనివాళ్ళు పాడుతుంటారు కదా. (ఆకివీడు)

జవాబు: వద్దు. రైల్వే చట్టం 144వ సెక్షన్ రైల్లోనూ స్టేషన్లోనూ అడుక్కోవడాన్ని నిషేధిస్తుంది, మీరు పాడుతున్నాను అన్నా టీసీకీ ఆర్పీఎఫ్ వాళ్ళకీ చెయ్యి చాపినట్టే లెక్క. పైగా చూపు లేక ఆ పాట మీదే బతికేవాళ్ళ పెట్టెలోకి చూపున్న మీరెందుకు? స్టేషన్ బయట ఆటో స్టాండు దగ్గర, రైలు దిగిన జనం చెదిరే వైపు చూసుకోండి, అదీ ఆటోవాళ్ళని అడిగాక.

ప్రశ్న: ఉప్పుగాలికి గిటారు తీగలు తుప్పు పడుతున్నాయి, వెదురు ఫ్లూటు బీటలిచ్చింది. ఏం చేయాలి? (అంతర్వేది)

జవాబు: తీగలు వాయించిన వెంటనే పొడిబట్టతో కింద నుంచి కూడా తుడవండి, తుప్పు పట్టేది చెమటా ఉప్పూ కలిసి. పూత ఉన్న తీగలు ఖరీదు ఎక్కువే గానీ మీ తీరంలో అవే గిట్టుబాటు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, ఎండలో బండి మీద గిటారు వదలకండి, జిగురు మెత్తబడి తీగలు బిగించే చెక్క (బ్రిడ్జి) ఊడి లేస్తుంది. ఫ్లూటుకి బీట సన్నదైతే దారం బిగించి చుట్టి చూడండి, రంధ్రాల దాకా పాకితే ఇక అది గోడకి తగిలించుకోవడానికే. కొత్తదానికి నెలకోసారి లోపల ఆవనూనో బాదం నూనో పల్చగా రాసి, గుడ్డ చుట్టి, నీడన పెట్టండి.